కుర్చీ వ్యాయామాలు: రక్తం ఆడటం వేరు, కీళ్ళు కదలడం వేరు

ఈ మధ్య ఏ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు చూసినా కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం వీడియో ఒకటైనా ఉంటోంది. మడమలు పైకీ కిందికీ ఆడిస్తే షుగర్ దిగుతుందని ఒకరు, పాదాలు గుండ్రంగా తిప్పితే మోకాళ్ళలో గుజ్జు తిరిగొస్తుందని ఇంకొకరు, రోజుకు పది నిమిషాలు చేస్తే వాపు, తిమ్మిరి, నొప్పి అన్నీ పోతాయి, ఇక నడవక్కర్లేదని మరొకరు. దాని కిందే ఎవరో ఒకరు "ఇవన్నీ కాలక్షేపం, నడిస్తేనే వ్యాయామం" అని రాస్తారు. మా అమ్మకు 68 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి, బీపీ, సాయంత్రమయ్యేసరికి పాదాల వాపు ఉన్నాయి. ఈ వీడియోలు వరసగా చూసి చూసి ఒకరోజు నన్నే అడిగింది, "ఏరా, ఇంతకీ ఇది పనిచేస్తుందా, చెయ్యదా?"

అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పడం కుదరలేదు. ఎందుకంటే అది ఒక ప్రశ్న కాదు, నాలుగైదు ప్రశ్నలు ఒకే మూట కట్టి అడిగినట్టు.

"నరం" అన్న ఒక్క మాటలో మూడు సంగతులు

గందరగోళం మాటల దగ్గరే మొదలవుతుంది. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బినవాటిని నరాలు అంటాం. పాదం మొద్దుబారితే నరాల వీక్‌నెస్ అంటాం. నాలుగడుగులు వేయగానే పిక్క పట్టేసి ఆగిపోవాల్సి వస్తే నరాల్లో రక్తం ఆడట్లేదంటాం. ఈ మూడూ వేర్వేరు. మొదటిది సిర, వాడిన రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టం. రెండోది నాడి, మెదడుకూ ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగ లాంటిది. మూడోది ధమని, గుండె నుంచి తాజా రక్తం తెచ్చే గొట్టం.

కూర్చుని కాళ్ళు ఆడిస్తే వెంటనే, ఎక్కువగా సాయం అందేది సిరలకు. ధమనులకు కొంత అందుతుంది, ఆ సంగతి కింద చెప్తాను. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో వచ్చే తిమ్మిరీ మంటా చాలావరకు నాడులు దెబ్బతినడం వల్ల వచ్చేవి, కాబట్టి "రక్తం ఆడేలా చేస్తే తిమ్మిరి పోతుంది" అన్న లెక్క అక్కడ కుదరదు. కాలు మడిచి కూర్చున్నప్పుడు ఎక్కే తిమ్మిరి కూడా ముఖ్యంగా నాడి నొక్కుకుపోవడం వల్లే వస్తుంది, కాలు చాపితే కాసేపట్లో అదే పోతుంది. ఇక నడిస్తే పట్టేసి, ఆగితే తగ్గిపోయే పిక్క నొప్పి ధమని సన్నబడిందనడానికి గుర్తు కావచ్చు. దానికి డాక్టరు పరీక్ష కావాలి. డాక్టర్లు సాధారణంగా చెప్పే వ్యాయామం కూడా కుర్చీలోది కాదు, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్ళీ నడవడం.

పిక్కను రెండో గుండె అని ఎందుకంటారు

గుండె కొట్టుకుంటే రక్తం పాదాల దాకా వెళ్తుంది, సరే. అక్కడి నుంచి పైకి ఎలా వస్తుంది? కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 ఉంటుంది, బీపీ మిషన్‌లో చూసే కొలతలోనే. పాదం నుంచి గుండె దాకా నిలువుగా ఉన్న రక్తపు బరువు అది. కూర్చుంటే 50-60కి వస్తుంది. నడుస్తుంటే మాత్రం 20-30కి పడిపోతుంది.

అంతలా పడిపోవడానికి కారణం పిక్క కండ. కాలి సిరల లోపల అక్కడక్కడా చిన్న చిన్న కవాటాలు ఉంటాయి, ఊళ్ళో చేతి బోరింగులో నీళ్ళను పైకి రానిచ్చి కిందికి పోనివ్వని వాల్వులాంటివి. కండ బిగిసినప్పుడు లోపలి సిర పిండినట్టయి రక్తం పైకి పోతుంది. సడలినప్పుడు కవాటం మూసుకుని వెనక్కి జారనివ్వదు, ఖాళీ అయిన చోటికి పాదం నుంచి మళ్ళీ రక్తం చేరుతుంది. ఈ కవాటాలు రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయని విలియం హార్వే 1628లోనే చూపించాడు. అవి పాడైతే రక్తం కిందనే నిలిచిపోతుంది, పైకి ఉబ్బి కనిపించే సిరల కథ అదే.

నాకు ఇది బాగా అర్థమైంది పుస్తకంలో కాదు, అమ్మ పాత కుట్టు మిషన్ దగ్గర. కింద ఇనప పలక ఉంటుంది కదా, మునివేళ్ళతో నొక్కితే ముందుకు వాలుతుంది, మడమతో నొక్కితే వెనక్కి వాలుతుంది, ఆ ఊపుకే పక్కన చక్రం తిరుగుతుంది. ఒక్క జాకెట్టు కుట్టి లేచేసరికి చీలమండలు ఎన్ని వందలసార్లు మడత పడి ఉంటాయో. తర్వాత మిషన్‌కి మోటార్ బిగించారు. ఒక కాలు చిన్న పెడల్ మీద నొక్కి పెట్టి ఉంచడమే, రెండో కాలికి పనే లేదు. పనీ అదే, కుర్చీ అదే, పిక్కల్లో పంపు మాత్రం ఆగిపోయింది. ఇప్పుడు వీడియోల్లో నేర్పుతున్న మడమ లేపడం, మునివేళ్ళు లేపడం అచ్చంగా ఆ తొక్కుడే.

రెండు చిన్న చిక్కులున్నాయి. కూర్చున్నప్పుడు ఒంటి బరువు పిక్క మీద పడదు, అందుకే నిలబడి మడమలు లేపినంత గట్టిగా కండ బిగియదు. రెండోది కుర్చీ ఎత్తు. మన ఆడవాళ్ళు చాలామందికి ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనవు, కుర్చీ అంచు తొడ కింద నొక్కుతుంది. రక్తం పైకి పోవాల్సిన దారి అదే. పాదాల కింద ఒక పీట వేస్తే ఆ నొక్కుడు తగ్గుతుంది. వీడియోల్లో ఈ పీట సంగతి ఎవరూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

"కాళ్ళు ఊపకు, దరిద్రం" అన్న మాట, ఒక ప్రయోగం

కూర్చుని కాళ్ళు ఊపితే ఇంట్లో పెద్దవాళ్ళు కసురుకోవడం మనందరికీ తెలుసు. 2016లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ ఊపడాన్నే పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువతీ యువకులను మూడు గంటలు కూర్చోబెట్టి, ఒక కాలు మాత్రం ఒక నిమిషం ఊపి నాలుగు నిమిషాలు ఆపమన్నారు. రెండో కాలు కదపకూడదు. తర్వాత మోకాలి వెనక ధమని ఎంత బాగా విప్పారగలుగుతోందో రెండు కాళ్ళలోనూ కొలిచారు. కదలని కాలిలో ఆ శక్తి తగ్గింది. ఊపిన కాలిలో తగ్గలేదు సరికదా, కాస్త మెరుగైంది.

మనిషి ఒకడే, తిన్నదొకటే, కూర్చున్నదొకటే, తేడా ఊపడంలోనే. అందుకే ఈ ప్రయోగం నాకు నచ్చింది. అయితే దీన్నుంచి ఎంత తీసుకోవాలో అంతే తీసుకోవాలి. 11 మంది, అందరూ చిన్నవాళ్ళు, మూడు గంటల సంగతి. కాళ్ళు ఊపేవాళ్ళకు గుండెపోటు రాదని ఇది చెప్పడం లేదు. కదలకుండా కూర్చోవడం ధమనికి చేసే చెరుపును కొద్దిపాటి కదలిక ఆపగలదని చెప్తోంది, అంతవరకే.

షుగర్ వీడియో వెనక ఉన్న 270 నిమిషాలు

మడమలు లేపితే షుగర్ దిగుతుందన్న మాట గాల్లోంచి పుట్టింది కాదు. 2022లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో మార్క్ హామిల్టన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పిక్కలో లోపలివైపు సోలియస్ అనే కండ ఉంటుంది, ఒంటి బరువులో సుమారు ఒక శాతం. కూర్చుని మడమలు ఒక ప్రత్యేక పద్ధతిలో లేపుతూ ఆ కండను పనిచేయిస్తే, గ్లూకోజు నీళ్ళు తాగాక రక్తంలో పెరిగే చక్కెర సుమారు 52 శాతం తక్కువగా పెరిగింది. వార్త ప్రపంచమంతా తిరిగింది, మన భాషలోకీ వచ్చింది.

దారిలో జారిపోయింది ఒక్క అంకె. వాళ్ళు చేసింది పది నిమిషాలు కాదు, రోజుకు 270 నిమిషాలు, అంటే నాలుగున్నర గంటలు. అదీ కండ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరికరాలతో చూసుకుంటూ, నేర్పించి చేయించారు. పాల్గొన్నవాళ్ళు కూడా కొద్దిమందే.

పక్కన ఇంకో లెక్క పెట్టి చూద్దాం. 2023లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 11 మందిని ఎనిమిది గంటలు కూర్చోబెట్టి, ప్రతి అరగంటకూ ఐదు నిమిషాలు మెల్లగా నడిపించారు. భోజనం తర్వాత షుగర్ ఎగబాకడం, కదలకుండా కూర్చున్న రోజుతో పోలిస్తే, 58 శాతం దాకా తగ్గింది. ఎనిమిది గంటల్లో పదహారు అరగంటలు, ఐదు నిమిషాల చొప్పున మొత్తం 80 నిమిషాల నడక. ఒకవైపు 270 నిమిషాల మడమలు, ఇంకోవైపు 80 నిమిషాల నడక. మనుషులు వేరు, పెట్టిన తిండి వేరు, పద్ధతి వేరు కాబట్టి ఈ రెండంకెలను తక్కెట్లో పెట్టి ఇది గెలిచిందని చెప్పలేం. నడవగలిగినవాళ్ళకు నడక తక్కువ టైములో అయ్యే పని అని మాత్రం అనిపిస్తుంది. మంచం దిగలేనివాళ్ళకూ, కాలు విరిగి కట్టుతో ఉన్నవాళ్ళకూ ఆ 80 నిమిషాలు అందేవి కావు. వాళ్ళకు మడమల దారి తెరిచి ఉండటం చిన్న విషయం కాదు.

అమెరికా ప్రయాణం, రక్తపు గడ్డ, 6000లో ఒకరు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు అందరూ చెప్పే మాట, విమానంలో కాళ్ళు ఆడిస్తూ ఉండండి అని. హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్ళాలంటే మధ్యలో విమానం మారి ఇరవై గంటలకు పైనే. అంతసేపు పిక్క కదలకపోతే లోపలి సిరలో రక్తం నిలిచి గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి రావచ్చు. విమానాలతో మొదలైన సంగతి కాదిది. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రంతా షెల్టర్లలో మడత కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. ఇలాంటి గడ్డలతో చావులు ఎక్కువవుతున్నాయని కీత్ సింప్సన్ అనే డాక్టరు అప్పుడే రాశాడు. ఆ కుర్చీల అంచు కర్ర కూడా తొడల కింద నొక్కేది, ఇందాకటి ప్లాస్టిక్ కుర్చీలాగే.

భయం ఎంత పెట్టుకోవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన లెక్క ప్రకారం నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో, అది విమానమైనా బస్సయినా రైలయినా, గడ్డ కట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుంది. వినడానికి టెన్షన్ పుట్టించే మాటే. కానీ రెట్టింపయ్యాక కూడా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది 6000 మందిలో ఒకరికి. ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డ కట్టినవాళ్ళు, ఈ మధ్యే పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు, గర్భిణులు ఆ లెక్కలోకి రారు. వాళ్ళకు ముప్పు ఎక్కువ, ముందే డాక్టరుతో మాట్లాడుకోవాల్సిందే.

ఆధారాల విషయానికొస్తే, పొడుగు విమాన ప్రయాణాల్లో బిగుతు మేజోళ్ళు గడ్డలను తగ్గిస్తాయని నేరుగా పరీక్షలు ఉన్నాయి. పాదాలు ఆడిస్తే సిరలో రక్తం వేగం పెరుగుతుందని కొలిచి చూపించారు, కానీ ఆడించినవాళ్ళలో గడ్డలు ఇంత తగ్గాయని నేరుగా తేల్చిన ఆధారం చాలా తక్కువ. ఖర్చు లేదు, హాని లేదు, పనిచేయడానికి కారణం స్పష్టంగా ఉంది, అందుకే అందరూ చెప్తారు.

గుజ్జు సంగతి

ఇప్పుడు కీళ్ళ దగ్గరికి వద్దాం, ఇది పూర్తిగా వేరే యంత్రం. "మోకాల్లో గుజ్జు అరిగిపోయింది" అంటాం కదా, ఆ గుజ్జు అనే మాట కింద రెండున్నాయి. ఒకటి ఎముకల చివర్లకు నున్నగా అతుక్కుని ఉండే మృదులాస్థి. రెండోది కీలు సంచిలో ఉండే జిగురు ద్రవం. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. మరి దానికి తిండి ఎక్కడిది? ఆ జిగురు ద్రవం నుంచే. కీలు మీద బరువు పడినప్పుడు స్పాంజిలా నొక్కుకుని లోపలిది బయటికి వదులుతుంది, బరువు తీసినప్పుడు పీల్చుకుంటుంది. అంటే కదలికే దాని భోజనం. చాలాసేపు కదలకపోతే ఆ ద్రవం చిక్కబడినట్టయి కీలు పట్టేస్తుంది. పొద్దున లేవగానే మొదటి పది అడుగులు బిగుసుకుపోయి, తర్వాత దారిలో పడేది అందుకే. అరుగుదల ఉన్నవాళ్ళకు ఆ బిగుతు మామూలుగా అరగంటలోపు వదులుతుంది. గంట దాటినా వదలకపోతే, చేతివేళ్ళ కణుపులు కూడా వాస్తే, అది కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) కావచ్చు. దానికి మందులు వేరు.

కుర్చీలో కాలు చాపడం, మడవడం చేస్తే ఈ స్పాంజి పని కొంత జరుగుతుంది, బిగుతు వదులుతుంది, తొడ ముందు కండ పనిచేస్తుంది. అరిగిన మృదులాస్థి మాత్రం తిరిగి పెరగదు. నొప్పి తగ్గడం వేరు, ఎక్స్‌రే మారడం వేరు, మొదటిది అయ్యే పని. వ్యాయామం చేస్తే మోకాలి అరుగుదల నొప్పి ఎంతోకొంత తగ్గుతుందని చాలా పరీక్షల్లో తేలింది.

ఎంతవరకు వంగుతుందన్నదానికి కూడా కుర్చీకి ఒక హద్దుంది. నడకకు మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే చాలు, మెట్లకు 90 దగ్గర కావాలి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలంటే 110-120 దాటాలి. కుర్చీలో మోకాలు ఉండేదే 90 దగ్గర, పాదం కుర్చీ కిందికి జరిపితే ఇంకాస్త. కాబట్టి కుర్చీ వ్యాయామంతో నేల మీద కూర్చోవడం తిరిగొస్తుందని ఆశ పెట్టుకుంటే నిరాశే మిగులుతుంది. తుంటి సంగతి ఇంకా స్పష్టం. కూర్చున్న మనిషి తొడను వెనక్కి చాపలేడు, అడుగు వేయడానికి కావాల్సింది ఆ కదలికే.

కాళ్ళను మిషనే కదిపితే సరిపోదా అని అడుగుతారు. మోకాలి మార్పిడి తర్వాత కాలిని దానంతటదే వంచే యంత్రాలు చాలా ఏళ్ళు వాడారు. పరీక్షలన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. పాదాల కింద పెట్టుకునే కరెంటు మిషన్లు కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. కండ తనంతట తాను బిగియడం, ఎవరో కదపడం ఒకటి కావు.

అమ్మ పాదాల వాపు

రెండు నెలలు అమ్మ శ్రద్ధగా మడమలు ఆడించింది. వాపు తగ్గలేదు. సాయంత్రం చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. వ్యాయామం సరిగ్గా చేయడం లేదేమోనని తనే బాధపడింది. చివరికి డాక్టరు చీటీ చూసి చెప్పారు, బీపీకి వేసుకుంటున్న ఆమ్లోడిపిన్ వల్ల అని. ఆ మాత్రకు పాదాల వాపు బాగా తెలిసిన దుష్ఫలితమే. అది సన్న రక్తనాళాలను విప్పార్చడం వల్ల నీరు చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతుంది, పిక్క పంపు ఎంత ఆడినా ఊట ఆగదు. డాక్టరు మందు మార్చాక వాపు తీసింది. సొంతంగా మానేసి ఉంటే బీపీ పెరిగి ఇంకో ప్రమాదం వచ్చేది.

అందుకే వాపు అనగానే రక్తం ఆడట్లేదని తేల్చేయకూడదు. రెండు కాళ్ళూ వాస్తే గుండె, కిడ్నీ, లివర్, మందులు అన్నీ చూడాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే గడ్డ కావచ్చు. ఆ కాలికి వ్యాయామాలూ వద్దు, నూనె రాసి మర్దనా వద్దు, ముందు రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే అప్పటికప్పుడు ఎమర్జెన్సీకే.

రెండు వాదనలు, కుర్చీ నుంచి లేవడం

నడకే అసలు వ్యాయామం అనేవాళ్ళ మాటలో బలం ఉంది. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లకు, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే గుండె జబ్బు ఎక్కువని చూపించాడు. తర్వాత ఆయనే యూనిఫాం కొలతలు చూసి, డ్రైవర్ల నడుములు మొదటినుంచీ లావని కూడా రాశాడు, అంటే తేడా అంతా కూర్చోవడం వల్లే అనలేం. అయినా ఆ తర్వాత వచ్చిన పరిశోధన మొత్తం మీద కదలిక వైపే మొగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో 65 దాటినవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, బ్యాలెన్సూ బలమూ పెంచేవి వారానికి మూడు రోజులైనా ఉండాలంటారు. బ్యాలెన్స్ కూర్చుని రాదు.

కుర్చీ చాలనేవాళ్ళ వైపూ మాట ఉంది. పడిపోతానన్న భయంతో ఏమీ చేయని మనిషికి కుర్చీయే మొదటి మెట్టు. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ ఆసనాల్లోకి కుర్చీని తెచ్చింది ఇలాంటివాళ్ళకూ అందాలనే. లేవగానే కళ్ళు తిరిగేవాళ్ళు లేచేముందు కాసేపు పాదాలు ఆడిస్తే పిక్కల్లో నిలిచిన రక్తం పైకి చేరి ఆ తూలుడు తగ్గుతుంది. నా లెక్కలో ఇదొక్కటే చాలు వీటిని కాలక్షేపం అనకుండా ఉండటానికి.

ఈ రెండు వాదనలూ కలిసే చోటు ఒకటుంది, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చోవడం. పిక్క, తొడ, తుంటి అన్నీ ఒంటి బరువుతో పనిచేస్తాయి. దీన్నే పరీక్షగా కూడా వాడతారు. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచారో లెక్కపెడతారు. అమెరికాలో వాడే పట్టిక ప్రకారం 65-69 ఏళ్ళ ఆడవాళ్ళకు 11, మగవాళ్ళకు 12 కంటే తక్కువైతే పడిపోయే ముప్పు ఉన్నట్టు. గోడకు ఆనించిన కర్ర కుర్చీలో, నేను పక్కన నిలబడి ఉండగా, అమ్మ మొదటిసారి 6 దగ్గర ఆగిపోయింది. మడమలు ఆడించడం మానలేదు, దానికి తోడు పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు లేచి కూర్చోవడం మొదలుపెట్టింది. నిన్న చేస్తే 10 వచ్చింది. పట్టిక నేను చెప్పకముందే ఎక్కడో చూసినట్టుంది, "ఇంకొకటేగా" అంది, మోకాళ్ళు రుద్దుకుంటూ.